బరువైన బ్యాటరీలు

డ్రాయింగ్ మాస్టారికి లోకంలో రెండే రెండు భయాలు. ఒకటి, హెడ్ నర్సుగా పనిచేసే తన భార్య ఏమీ అనకుండా ఊరుకోవడం. రెండోది, అటవీశాఖ రేంజరుగారు తన దగ్గరున్న కెమెరాను వెనక్కి పుచ్చుకోవడం.

ఆ కెమెరాను చెట్టుకు కట్టేస్తే చాలు, ఎదుట ఏదైనా కదిలినప్పుడల్లా తనంతట తనే ఫొటో తీస్తుంది. కొండవాగులోకి నీటికుక్కలు మళ్లీ వచ్చాయో లేదో తేల్చడానికి రేంజరుగారు ఆసక్తి ఉన్నవాళ్లకు తలొకటి ఇచ్చారు. పోయినసారి మాస్టారు కట్టిన కెమెరాలో బ్యాటరీలు నాలుగో రోజుకే చేతులెత్తేశాయి. మిగతా పదిహేడు రోజులూ అది చెట్టుకు నగలా వేలాడింది.

"ఈసారి మూడు వారాలు నడవాలి మాస్టారూ. లేదంటే ఇంకొకరికి ఇచ్చేస్తాను," అని రేంజరు మర్యాదగానే చెప్పారు. పిల్లలకు ఇన్నేళ్లుగా నీటికుక్క బొమ్మ నేర్పుతున్నా, మాస్టారు దాన్ని ఒక్కసారీ కళ్లారా చూసిన పాపాన పోలేదు. కెమెరా పోతే ఆ ముచ్చట కూడా పోయినట్టే.

"బ్యాటరీల సంగతి నాకు వదిలెయ్యండి. మా వార్డులో సగం మిషన్లు వాటి మీదే నడుస్తాయి," అంది భార్య.

"పేషెంట్లు వేరు, నీటికుక్కలు వేరు. ఇది అడవి వ్యవహారం," అన్నారు మాస్టారు, జీవితంలో వాగు గట్టు దాటి అడవిలోకి నాలుగడుగులు వెయ్యకపోయినా.

ఆమె ఏమీ అనలేదు. మొదటి భయం అక్కడే మొదలవ్వాల్సింది గానీ, మాస్టారు బ్యాటరీల పరీక్షల హడావిడిలో గమనించలేదు.

నాలుగు రకాల బ్యాటరీలు కొనుక్కొచ్చి, ఏది ఎక్కువ కాలం నడుస్తుందో చూద్దామని ఇంట్లో కనిపించిన ప్రతి వస్తువులోనూ పెట్టారు. గోడగడియారంలో ఒక రకం, టీవీ రిమోట్‌లో ఒక రకం, కాలింగ్ బెల్లులో ఒకటి, అత్తగారి బీపీ మిషనులో ఇంకొకటి. కెమెరాను మాత్రం అట్టపెట్టె లోంచి బయటకు తియ్యలేదు. ముందే వాడితే అరిగిపోతుందట.

రోజుకు రెండుసార్లు అవి మార్చేవారు. మార్చేటప్పుడు ఒకటి రెండు తిరగబడేవి. కాలింగ్ బెల్లు మూగబోయింది. కుళాయి బాగుచెయ్యడానికొచ్చిన ప్లంబరు గుమ్మంలో అరగంట నిలబడి, ఇంట్లో ఎవరూ లేరనుకుని వెళ్లిపోయాడు. కుళాయి కారుతూనే ఉంది.

"అల్లుడుగారూ, నాకు అసలు బీపీయే లేదంటోంది మిషను," అన్నారు అత్తగారు.

"మంచిదే కదా అత్తయ్యా."

"సున్నా ఉంటే మంచిదా?"



పది రోజులకు బ్యాటరీలన్నీ ఒకే డబ్బాలో కలిసిపోయాయి. ఏది కొత్తదో, ఏది వాడినదో ఆ పైవాడికే తెలియాలి. తెల్లవారితే రేంజరు జీపు వస్తుంది.  అప్పుడు వచ్చిందండీ మాస్టారికి మహత్తరమైన ఆలోచన. శక్తి ఎక్కువున్న బ్యాటరీ బరువు ఎక్కువుండాలి కదా? వంటింటి తూకం మిషను తెచ్చారు. అది వెలగలేదు. దాని బ్యాటరీలు కూడా డబ్బాలోనే ఉన్నాయి.

ఎలాగో రెండు పెట్టి తూచి, అన్నింటికన్నా బరువైన నాలుగు ఏరారు. భార్య తన సంచిలోంచి ఇంకో నాలుగు తీసి బల్ల మీద పెట్టింది. "ఇవి చూడండి. లిథియంవి."

మాస్టారు ఒకటి తీసుకుని, దానికి అంటించిన ప్లాస్టర్ మీది రాత చదవకుండానే అరచేతిలో ఎగరేసి చూశారు. "ఇవా? దూదిలా ఉన్నాయి. లోపల సరుకే లేదు."

ఆమె మళ్లీ ఏమీ అనలేదు.

పొద్దున్నే మాస్టారు బరువైనవి కెమెరాలో దట్టించి, మూత బిగించి, స్నానానికి వెళ్లారు. తిరిగొచ్చేసరికి ఆమె కెమెరా బెల్టు చక్కగా చుట్టి సిద్ధంగా ఉంచింది. ఎంత మంచి ఇల్లాలు అనుకున్నారు.

కెమెరా వాగు గట్టున చెట్టుకెక్కి మూడు వారాలు గడిచాయి. ఆదివారం రేంజరు ఆఫీసుకు ఆమెను కూడా వెంటబెట్టుకెళ్లారు. "నా బరువు సిద్ధాంతం ఏం చేసిందో చూద్దువు గాని, రా."

రేంజరు విప్పి తెచ్చిన కెమెరాలోంచి ఫొటోల కార్డును తీసి కంప్యూటరుకు పెట్టారు. మొదటి ఫొటోలో తెర నిండా తెరుచుకున్న ఒక నోరు, అందులో సగం కరిచిన యాపిల్ కాయ.

"ఇదేం జంతువు మాస్టారూ?"

రెండో ఫొటోలో మొహమంతా కనబడింది: సాక్షాత్తూ మాస్టారే, వేలితో గిన్నెలోంచి ఏదో నాకుతూ. మూడో దాంట్లో వెనక్కి తిరిగి ఎవరైనా చూస్తున్నారా అని గమనిస్తూ. ఇలాంటివి మొత్తం అరవై రెండు.

"ఫొటో అడుగున చలి నాలుగు డిగ్రీలని పడింది. ఏ కొండమీద తీశారండీ?" అన్నారు రేంజరు.

"మా ఇంటి ఫ్రిజ్‌లో," అంది ఆమె నెమ్మదిగా. "గడియారం రోజంతా చీమలా తింటుంది సార్, దానికి ఏ బ్యాటరీ అయినా చాలు. కెమెరా అలా కాదు. ఊరికే పడుకుని ఉండి, లేచినప్పుడు ఒక్కసారిగా లాగుతుంది, అదీ చలిలో. అందుకే కెమెరాలోనే, చలిలోనే చూడాలని, ఆ పది రోజులూ దాన్ని అట్టపెట్టెలోంచి తీసి క్యాబేజీ వెనక పెట్టాను. ఈయన ఏరిన బరువు రకం నాలుగో రోజుకే నీరసించింది. నా లిథియంవి చెక్కుచెదరలేదు. ఈయన స్నానంలో ఉండగా మార్చేశాను."

మాస్టారు కెమెరా మూత తెరిచి చూశారు. లోపల దూదిలాంటివే నాలుగు. ఒక్కోదానికీ ప్లాస్టర్ ముక్క అంటించి, మీద సన్నటి అక్షరాలతో తేదీ, గంట, ఎన్ని ఫొటోలు తీసిందీ రాసి ఉంది. పేషెంటు మంచానికి తగిలించే చార్టులా ఎంత పొందికగా ఉందో. సిగ్గుతో తల దించుకున్నా, మాస్టారికి గర్వంతో గుండె నిండింది.

ఇంతలో రేంజరు కుర్చీలోంచి లేచారు. తెర మీద మసక వెలుతురులో రాయెక్కి చేప కొరుకుతున్న నీటికుక్క. దాని వెనక మూడు పిల్లలు. ఇరవై ఒకటో రోజు తీసిన ఫొటో. మాస్టారి కళ్లలో నీళ్లు తిరిగాయి. భార్య చెయ్యి గట్టిగా పట్టుకుని, "నువ్వు చూపించావోయ్," అన్నారు.

"వాగు మొత్తానికి ఇంకో ఐదు కెమెరాలు ఇస్తాను. బాధ్యత ఎవరి పేరు మీద రాయమంటారు?" అని రేంజరు రిజిస్టరు తెరిచారు. మాస్టారు ఆయన చేతిలోంచి పెన్ను తీసుకుని భార్య పేరు తనే రాశారు. కింద సహాయకుడన్న గడిలో తన పేరు రాసుకున్నారు.

"సరే, ఆ ఐదూ ముందు ఇంట్లో పరీక్షించాలి," అంది ఆమె. "ఈసారి ఎక్కడెక్కడ పెట్టానో చెప్పను."

ఆ రోజు నుంచి మాస్టారు ఫ్రిజ్ తెరిచే ముందు తల దువ్వుకుంటున్నారు.