నాలుగు మిల్లీసెకన్ల సంసారం

ప్రతి ఇంట్లోనూ ఒక సీక్వెన్సర్ ఉండాలి. దాన్ని పొద్దస్తమానం కొలుస్తూ కూర్చునే మొగుడు కూడా ఉండాలి! ఈ రెండూ లేని ఆడవాళ్లను చూస్తే నాకు జాలేస్తుంది. పాపకు చెవులు వినపడుతున్నాయో లేదో అన్న బెంగతో కుమిలిపోతున్న నాకు చివరికి దారి చూపింది ఆ డబ్బాయే మరి.

సీక్వెన్సర్ అంటే కంగారు పడకండి. టిఫిన్ డబ్బా అంత ఉంటుంది, పైన బటన్లుంటాయి. ఏ దెబ్బ ఎప్పుడు పడాలో ముందే నొక్కి పెడితే, పెళ్లి బరాత్ అయిపోయేదాకా అదే కొడుతుంది. అలసిపోదు, అలగదు, బిర్యానీలో ముక్క రాలేదని గొడవపడదు. మిర్యాలగూడలో మా ఆయన శశిధర్ నడిపే బ్యాండుకు ఇలాంటివి రెండున్నాయి. మొదటిది కొట్టగానే, తీగ గుండా కబురందుకుని రెండోది కూడా కొట్టాలి.

అందుకుంటోందా? ఎంత ఆలస్యంగా అందుకుంటోంది? ఇదే మా ఇంట్లో పరిశోధన! రెండింటినీ ల్యాప్‌టాప్‌కు తగిలిస్తారు. దెబ్బ పడ్డప్పుడల్లా స్క్రీన్ మీద గీత లేస్తుంది. ఈ డబ్బా గీతకూ ఆ డబ్బా గీతకూ మధ్య సందు ఎన్ని మిల్లీసెకన్లో కొలుస్తారు. మిల్లీసెకన్ అంటే సెకనులో వెయ్యో వంతు. మీరు కన్నార్పేలోపు వంద దాటిపోతాయి. అంత చిన్నదాన్ని పట్టుకునే మగవాడు దొరకడం పూర్వజన్మ సుకృతం కాదూ?

కొలిచేటప్పుడు కరెంటు గుర్రుమనడం గీతల్లోకి వస్తుందని ఫ్రిజ్ ఆపిస్తారు, మిక్సీ ఆపిస్తారు. పాలు విరిగిపోతాయి. పచ్చడి రోట్లో నూరుతాను. సూర్యాపేట ఆడవాళ్లు జిమ్ముకు డబ్బు కట్టి మరీ చేతులు నొప్పి తెచ్చుకుంటున్నారట. నాకు ఇంట్లోనే ఫ్రీ!

మొన్న కీబోర్డు వాయించే మల్సూర్ స్క్రీన్ చూసి కేకేశాడు.

"అన్నా! రెండోది నాలుగు లేటున్నది!"

"నాలుగా? ఇజ్జత్ పోతది గదరా! కోదాడ బరాత్ల ఎవలన్న పట్టుకుంటే?"

పట్టుకోరూ మరి! ఏడింటికి బయల్దేరాల్సిన పెళ్లికొడుకు పదింటికి కారెక్కుతాడు. ఒకవైపు జనరేటర్, మరోవైపు పటాకులు. ముందు ఎగిరే బావమరిది కుడికాలు కోదాడలో పడితే ఎడమకాలు సూర్యాపేటలో పడుతుంది. అలాంటి మనిషి హఠాత్తుగా ఆగి, అయ్యో నాలుగు మిల్లీసెకన్లు అని నెత్తి కొట్టుకుంటాడు కాబోలు!

ఇక మా గోపిక. పది నెలల పిల్ల. పక్కనే డబ్బాలు ఢాం ఢాం మంటున్నా హాయిగా నిద్రపోతుంది. మెలకువగా ఉన్నా, వెనక నుంచి పిలిస్తే తిరగదు. పళ్లెం కింద పడేసినా ఉలిక్కిపడదు. ఎదురుగా కనిపిస్తే మాత్రం నవ్వుతుంది. ఎంత బుద్ధిమంతురాలని అందరూ మెచ్చుకుంటారు. నా గుండెల్లోనే రాయి పడింది.

"పిల్లకు ఇనపడ్తలేదేమో" అన్నాను ఆయనతో.

"పిల్లలంత ఒక్కతీరు ఉంటరా? జర లేటుగ తిరుగుతది" అన్నారు, గీతల మీంచి కళ్లు తీయకుండా.

మా అత్త ఎల్లమ్మ అందుకుంది. "నీ మొగడు మూడేండ్లదాక నోరిప్పలే పిల్లా. ఇప్పుడు సూడు, మూస్తడా?"

"నోటి సంగతి సరే అత్తా. చెవులెప్పుడు తెరుస్తడు?"

గమనించారా? డబ్బాకైతే మిల్లీసెకన్లు, పిల్లకైతే జర! జర అంటే ఎంత? ఏ ల్యాప్‌టాప్ కొలుస్తుంది?

పాపను నేనే బస్సులో సూర్యాపేట తీసుకెళ్లి చూపించాను. హైదరాబాద్‌లో చెవి పరీక్ష చేయించండి, ఆలస్యం చేయొద్దు అన్నారు డాక్టరమ్మ. అదృష్టం చూడండి, ఆ వారమే మా కారు హైదరాబాద్ వెళ్లింది. డబ్బాను రిపేరుకు తీసుకుని! మేమూ వస్తామంటే సీట్ల నిండా స్పీకర్లున్నాయన్నారు. న్యాయమే కదా? డబ్బాకు వారంటీ గడువుంది. పిల్ల చెవులకు వారంటీయే లేదు, తొందరేముంది?

అప్పుడు నాకు బుద్ధొచ్చింది. ఆ పరీక్ష ఎలా చేస్తారో డాక్టరమ్మకు ఫోన్ చేసి కనుక్కున్నాను. భోజనాల దగ్గర ఆయన పక్కనుండగా మల్సూర్‌కు చెప్పాను.

"పిల్లను పండవెట్టి, చెవుల టిక్ టిక్ మనిపిస్తరంట మల్సూరూ. మెదడు ఎన్ని మిల్లీసెకన్లకు అందుకున్నదో స్క్రీన్ మీద గీతలొస్తయంట."

ఆయన చేతిలో ముద్ద ఆగిపోయింది.

"గీతలా? మిల్లీసెకన్ల లెక్కనా?"

"ఆఁ. ఎంత లేటున్నా దొరుకుతదంట."

"గింత ముచ్చట ముందుగాల చెప్పొద్దా? ఇన్నొద్దులు ఏం జేసినవ్?"

విన్నారుగా, నేను చెప్పలేదట! ఆయనే ఫోన్ చేసి టైం తీసుకున్నారు. కార్లోంచి స్పీకర్లు దిగిపోయాయి. రేపు పొద్దున్నే ప్రయాణం. ఆ గీతలు ఏం చెబుతాయోనని నాకు అన్నం సయించడం లేదు.

పరీక్ష పాపకే. కానీ, ఇంకో చిన్న కొలత మిగిలింది. పాపకు వినపడటం లేదేమో అని ఆయన్ను నేను మొదట పిలిచింది ఉగాది నాడు. ఆయన తిరిగి చూసింది బోనాలకు. ఆ సందులో ఎన్ని మిల్లీసెకన్లున్నాయో మీరే లెక్క కట్టండి. తొమ్మిదో తరగతిలో మావాళ్లు బడి మాన్పించారు, అంత పెద్ద అంకె రాయడం నాకు రాదు.