ఎదుర్కొన్న ఆపదలు

విమానచోదకులలో వివేకం సన్నగిల్లుతున్నదని గుర్తించిన మమోరే విమాన సంస్థ, శాన్ బోర్హా పట్టణంలో నలుగురు సభ్యులతో వివేక నిర్ధారణ సంఘాన్ని నెలకొల్పింది. వివేకం అనుభవం వల్ల, అనుభవం ఆపదల వల్ల వస్తుందని సంఘం ఒక్క పూటలో తేల్చేసింది. ఇకమీదట కెప్టెన్ హోదా కోరేవారు దరఖాస్తులో ‘ఎదుర్కొన్న ఆపదలు’ అనే గడి నింపితీరాలి.

నెల్ఫీ ముయిబాకు అక్కడే చిక్కొచ్చింది. పదకొండేళ్లుగా ఆరు సీట్ల విమానం నడుపుతూ, పెద్ద విమానానికి కెప్టెన్ కావాలని కలలు కంటున్న మనిషి. బయలుదేరేముందు ట్యాంకులో పుల్ల ముంచి ఇంధనం చూసుకునేది. బరువెక్కువైతే సరుకుగా ఎక్కించిన మాంసం దింపించేది, అది మేయరు బావమరిదిదైనా సరే. కనుమలో మబ్బు పడితే వెనక్కి తిరిగేది. ప్రయాణికులు దిగి శాపనార్థాలు పెట్టేవారు. ఇన్ని దురలవాట్లున్నవారికి ఆపదలెలా వస్తాయి?

అదే హోదా కోరిన మరో చోదకుడు ఎర్లాన్ సుఆరెస్‌కు ఆ గడి చాలక మరో కాగితం కుట్టారు. రెండు విమానాలను చిత్తడి నేలకు, ఒకదాన్ని పశువుల కొట్టానికి సమర్పించుకున్న అనుభవశాలి. బతికి బయటపడినవారు ఆయన చేతులు ముద్దాడారు. సంఘం వివేకరత్న పతకం ప్రకటించింది.

“ఒక్కటీ లేదా అమ్మాయ్?” సంఘాధ్యక్షుడు దోన్ అనీవర్ నొచ్చుకున్నారు. “పదకొండేళ్లూ ఏం చేశావ్ మరి?”

“జాగ్రత్తగా ఉన్నాను, దోన్ అనీవర్.”

“దానికి ఫారంలో చోటు లేదే!”

పతక ప్రదానం కొండల అవతల లాపాస్ నగరంలో. ఆ ఉదయం కొండల మీద మబ్బులు కమ్ముకున్నాయి. సంఘాన్ని విమానంలో తీసుకువెళ్లే వంతు ఎర్లాన్‌ది. సభ్యులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. సన్మానితుడు స్వయంగా విమానం నడపడం మర్యాద కాదని దోన్ అనీవర్‌కు హఠాత్తుగా తోచింది. ఆయన నెల్ఫీని పక్కకు లాగి గొంతు తగ్గించారు.

“ముగ్గురు పిల్లలు గలవాణ్ణి తల్లీ. నువ్వే తీసుకెళ్లు.”

అందరికన్నా ముందెక్కి బెల్టు బిగించుకున్నది ఎర్లాన్.

కనుమ దగ్గర దారి మూసుకుపోయింది. నెల్ఫీ మబ్బులోకి చూసింది. ఇప్పుడు దూసుకుపోతే చాలు, ఆపద దొరుకుతుంది, హోదా వస్తుంది, సాక్షులు కూడా వెనకే ఉన్నారు. ఆ ఆశ పుట్టినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. విమానాన్ని వెనక్కి తిప్పింది.

దిగగానే అందరూ నేలను ముద్దాడారు. “నువ్వు మా పాలిట దేవతవే!” అంటూ దోన్ అనీవర్ కన్నీళ్లు పెట్టుకున్నారు. సుష్టుగా భోంచేశాక సంఘం సమావేశమై రెండు తీర్మానాలు చేసింది.

ఒకటి: కుమారి ముయిబా నేటి ప్రయాణంలోనూ ఎట్టి ఆపదనూ ఎదుర్కోలేదని సంఘం కళ్లారా చూసినందున, తగిన అనుభవం లేదని ఆమె దరఖాస్తును తిరస్కరించడమైనది.

రెండు: సంఘసభ్యులూ వారి కుటుంబీకులూ ఇకపై చేసే ప్రయాణాలన్నింటికీ ఆమెనే నియమించడమైనది.