పాత బొగ్గుగనిలో పిన్ని షికారు

ఒక ఊరు బాగుపడాలంటే ముందు అందులోని జనం ఖాళీ చేయాలి! నవ్వకండి. నమ్మకం కుదరకపోతే కొండల నడుమ లోయలో ఉన్న ఆ పాత బొగ్గుగనుల ఊరికి వెళ్ళి చూడండి. గని మూతపడి, పనివాళ్ళు తలో దిక్కూ పోయాకే దానికి మహర్దశ పట్టింది. తారు రోడ్డు వచ్చింది. కుళాయిలో నీళ్ళు వచ్చాయి. ఇన్నేళ్ళూ అభివృద్ధికి అడ్డుపడింది ఎవరో ఇప్పటికైనా అర్థమైందా?

మా పిన్ని కాపురం ఆ ఊళ్ళోనే సాగింది. బాబాయి గనిలో బొగ్గు కొట్టేవాడు. ఆయన పోయాక లోయ దాటి వచ్చేసిన మనిషి మళ్ళీ అటు తొంగి చూడలేదు. "ఊరంతా మ్యూజియం చేశారటమ్మా, ఒకసారి చూసొద్దాం" అని కూతురు పోరగా పోరగా మొన్న ఆదివారం బయల్దేరింది.

కార్మికుల వరస ఇళ్ళకు కొత్తగా సున్నం కొట్టారు. మరి మసి లేకపోతే చరిత్రలా ఉండదు కదా? అందుకని పెయింటర్‌ని పెట్టి దాని మీద మసి వేయించారు! ఆ మసినే పిన్ని రోజూ చేతులు పడిపోయేలా తుడిచేది. విలువ తెలియక ఎంత వారసత్వాన్ని గుడ్డతో తుడిచి పారేసిందో, పిచ్చితల్లి!

వరసలో మూడో గది తనదే. అడ్డంగా కట్టిన తాడు దాటి, వెళ్ళి మంచం మీద కూర్చుంది. గైడు పరుగెత్తుకొచ్చాడు.

"అమ్మా, లేవండి! అది ఎగ్జిబిట్!"

"నేను కాపురం చేసిన గదే బాబూ ఇది."

గైడు మొహం మతాబాలా వెలిగింది. "అయితే కదలకండి!" అంటూ టూరిస్టులను కేకేశాడు. జనం సెల్ఫీలకు ఎగబడ్డారు. "కాస్త దిగులుగా చూడండి ఆంటీ" అని ఒకావిడ బతిమాలింది. పిన్నికి నవ్వాగలేదు. పాపం, ఫొటోలన్నీ పాడయ్యాయి!

ఆ తర్వాత సొరంగం. 'ఒరిజినల్ ఫీలింగ్' కోసం మెషిన్ పెట్టి ఉత్తుత్తి బొగ్గుధూళి ఊదుతున్నారు. ఓ పెద్దమనిషి దగ్గాడు. ఒకటో రెండో దగ్గులు, అంతే! ఈల మోగింది. స్ట్రెచర్ వచ్చింది. ఆక్సిజన్ సిలిండర్ వచ్చింది, దాని వెనకే డాక్టరమ్మ వచ్చింది. "నాకేం కాలేదండీ" అని ఆయన మొత్తుకుంటున్నా వినకుండా పడుకోబెట్టి దుప్పటి కప్పారు.

పిన్ని మొహంలో నవ్వు మాయమైంది.

"ఎప్పట్నుంచి ఉంటున్నావమ్మా ఇక్కడ?" అని డాక్టరమ్మను అడిగింది.

"మ్యూజియం తెరిచినప్పట్నుంచీ అండీ. విజిటర్స్ సేఫ్టీ ముఖ్యం కదా!"

"ముఖ్యమే తల్లీ. మా ఆయనా ఇక్కడే దగ్గేవాడు, ఏళ్ళ తరబడి. డాక్టర్ని పెట్టండయ్యా అంటే, ఈ లోయలోకి ఎవరొస్తారన్నారు. చివరికి ఆస్పత్రికని మంచంతో సహా మోసుకుపోతుంటే, కొండ ఎక్కకముందే..."

పిన్ని స్ట్రెచర్ మీద పెద్దమనిషికి జారిన దుప్పటి సర్ది, కూతురి చెయ్యి పట్టుకుని వెలుతురులోకి నడిచింది.

చూశారా పాఠకులారా, తప్పంతా మా బాబాయిదే! గనిలోకి పనికని వెళ్ళాడు. చూడ్డానికి వెళ్ళాల్సింది.