యాభై మిల్లీమీటర్ల సిలిండరు

ఆ రోజు పొద్దున్న గోపి వేసుకున్న పథకంలో వంక పెట్టడానికేమీ లేదు. పది గంటలకు రాజాం నుంచి కలప వ్యాపారి గణపతిరావు వస్తాడు. ఆయన దగ్గర చెట్లు కోసే రంపం మిషన్లు పన్నెండున్నాయి. ఆయన ఎదురుగా గోపి ఒకే దుంగను మూడు మిషన్లతో కోసి చూపిస్తాడు. ఒకదానికి కంపెనీ ఇచ్చిన నలభై అయిదు మిల్లీమీటర్ల వెడల్పు సిలిండరే ఉంది. రెండోదాన్ని గోపి లోపల తొలిపించి నలభై ఏడు చేశాడు. మూడోది ఏకంగా యాభై. దాని పవరు చూశాక ఆ పన్నెండు మిషన్లూ గోపి కొట్టుకు రాక ఎక్కడికి పోతాయి?

"ఫోన్లో ఆయనేటన్నాడు, మావా?" అని భార్య యమున అడిగింది.

"పవరు గురించి మాటాడాలన్నాడు. మిగతాదంతా నేనే సెప్పీసినాను."

"ఆయన్ని సెప్పనిచ్చావా?"

"మనకి తెలిసిన సంగతికి ఆయన సెప్పడమేటే."

ఈ బేరం కుదిరి తీరాలి. భోగాపురం అవతల, సముద్రం ఒడ్డున ఉన్న నీలమ్మపేటలో మగవాళ్లందరూ చేపల వేటకు వెళ్తారు. గోపికి మాత్రం పడవ ఎక్కితే పేగులు నోట్లోకి వస్తాయి. అందుకే మెకానిక్కయ్యాడు. ఈ నెల కూడా పని దొరక్కపోతే కొట్టు మూసేసి తన పడవెక్కమని బావమరిది కబురు పెట్టాడు.

ఎనిమిదిన్నరకు గోపి ఒకసారి సాధన చేసి చూసుకున్నాడు. నలభై అయిదు మిషను సరుగుడు దుంగను ఇరవై సెకన్లలో కోసింది. నలభై ఏడుకు పదహారు పట్టింది, యాభైకి పదకొండే. సైలెన్సరు పీకేసిన ఆ యాభై చప్పుడుకు ఒడ్డున కెరటాల హోరు కూడా వినపడలేదు.

తన తోటలో ఉన్న గురమ్మకు మాత్రం ఆ చప్పుడు బాగా వినపడింది. విమానాశ్రయానికి భూములు తీసుకుంటారన్న మాట పుట్టిన దగ్గర్నుంచి ఆవిడ తన చెట్లను రోజుకు రెండుసార్లు లెక్కపెట్టుకుంటోంది. కోసేవాళ్లు రానే వచ్చారనుకుని చీపురు పట్టుకుని బయల్దేరింది. ఆవిడ వెనక వీధి కదిలింది, వీధి వెనక ఊరు కదిలింది.

"ఒరే గోపీ, ఆ ఆఫీసర్లకి నువ్వు కూడా అమ్ముడుపోనావేట్రా?"

"నాకెవుళ్లూ తెల్దత్తా. ఇది నా దుంగ. పవరు సూస్తన్నాను."

గురమ్మ నమ్మి వెళ్లిపోయేదే. సరిగ్గా అప్పుడే తెల్లకారొకటి ఊరి మొదట్లో ఉన్న ఆ కొట్టు ముందు నుంచి వాళ్లను దాటుకుని ఊళ్లోకి పోయింది. లోపల తెల్లచొక్కా మనిషి, ఆయన చేతిలో కొలత టేపు.

"ఆఫీసరే," అంది గురమ్మ.

గోపి టైము చూసుకున్నాడు. తొమ్మిదైంది. పదింటికి వస్తానన్న మనిషి పన్నెండుకు రావడం ఇక్కడి మర్యాద, తొమ్మిదికి వచ్చే వ్యాపారి ఇంకా పుట్టలేదు. కాబట్టి ఆఫీసరేనని గోపి కూడా తేల్చేశాడు.

"లోపలికొచ్చినోడు బయటికెలా ఎల్తాడో సూద్దాం. ఉన్నదొకటే రోడ్డు. నా సింతసెట్టు దానికడ్డంగా పడీండి," అంది గురమ్మ. ఎవరో గొడ్డలి తెస్తామన్నారు.

గోపికి పౌరుషం పొడుచుకొచ్చింది. "నా యాభై ఉండగా గొడ్డలేటి?"

చెట్లు కొట్టనిచ్చేది లేదంటూ వచ్చిన జనం చుట్టూ నిలబడి చూస్తుండగా, ఆరు నిమిషాల్లో చింతచెట్టు రోడ్డు మీద పడింది. అందరూ చప్పట్లు కొట్టారు. గోపి రొమ్ము విరుచుకున్నాడు.

ఊళ్లో దారి అడగడానికి మనిషి కనపడక కారు వెనక్కి తిరిగొచ్చింది. జనం చుట్టుముట్టి, తెల్లచొక్కా మనిషిని దింపి చింతమాను మీద కూర్చోబెట్టారు.

"ఆ టేపుతో ఏటి కొలుస్తావు?" అంది గురమ్మ.

"దుంగలు," అన్నాడాయన.

"ఎవుళ్ల సెట్లు కొట్టిస్తావు?"

"ఎవులిస్తే ఆళ్లవి. నెలకి రెండొందలు కొట్టిస్తాను."

చీపురు లేచింది. "గోపి అనే మెకానిక్కు రమ్మంటే వచ్చినాను తల్లీ. నా పేరు గణపతిరావు."

ఊరంతా గోపి వైపు తిరిగింది. గోపికి భూమి చీలితే బాగుండుననిపించింది. "బావూ, తొమ్మిదికే వచ్చీసినారేటి?"

"పదిన్నరకి విజయనగరంలో ఇంకో మెకానిక్కుని సూడాల. ముందీ సెట్టు తీయించు."

"రెండు నిమిషాల పని," అని గోపి యాభై అందుకున్నాడు. అది రెండు కొమ్మలు కోసి, మూడో కొమ్మలో కీచుమని బిగుసుకుపోయింది. వేడికి పిస్టను సిలిండరుకు అతుక్కుపోయింది. నలభై ఏడు మిషనేమో మాను సగం దాకా హుషారుగా వెళ్లి, పొగ కక్కి ఆగిపోయింది. గోపి కళ్ల ముందు బావమరిది పడవ ఊగింది. ఏడుపొక్కటే తక్కువ. యమున నలభై అయిదు తెచ్చి చేతికిచ్చింది. అది ముక్కుతూ మూలుగుతూ గంటన్నర కోసింది, ఒక్కసారి కూడా ఆగలేదు. పదిన్నర ఎప్పుడో దాటిపోయింది.

గణపతిరావు లేచి దాని చుట్టూ తిరిగి చూశాడు. "దీని సిలిండరు ముట్టుకోనేదా?"

"నేదు బావూ." గోపి తలెత్తలేదు.

"ఫోన్లో నన్ను మాటాడనిస్తే ఇదే సెప్పీవోణ్ణి. నా పన్నెండింటినీ ఎవుడో యాభై సేసీసినాడు. అరగంట పరిగెడతాయి, తరవాత ఒకటీ కదలదు. మళ్లీ నలభై అయిదు సిలిండర్లు ఎక్కించీవోడు కావాల. విజయనగరం వోడు యాభై రెండు సేద్దామంటన్నాడు. ఆ రోగమేటో నీకైతే ఇప్పుడు బాగా తెలిసొచ్చింది. రేపు పన్నెండూ పంపిస్తాను."

గురమ్మ చింతకొమ్మలు ఇంటికి మోయించుకుంది. చెట్టు పోయిన పాపం మాత్రం ఆఫీసర్లదేనని తేల్చింది.

వారం తిరక్కుండా గోపి కొట్టుకు కొత్త బోర్డు వచ్చింది: "ఇచ్చట రంపం మిషన్లకు పవరు తగ్గించబడును."