నా బదులు నడిచిన పాలిష్ మిషన్

నవ్వండి, నవ్వండి! మీ ఊపిరితిత్తులు మీ మాట వింటున్నాయి కాబట్టి నవ్వుతారు. ఇరవై ఏళ్ళు మాచర్లలో నాపరాళ్ళు కోసిన దుమ్మంతా నా ఛాతీలోనే కాపురం పెట్టింది. లుంగీ కట్టుకోవాలన్నా మధ్యలో ఒకసారి కూర్చోవాలి.

గుంటూరు ఆసుపత్రిలో ఎనిమిది వారాలు నన్ను నడిపించారు. డాబా మెట్లెక్కేంత బాగుపడ్డాను కూడా. ఇంటికి పంపిస్తూ చేతికి అడుగులు లెక్కపెట్టే వాచీ తొడిగి, "రోజూ నాలుగు వేలు. మానేస్తే మళ్ళీ మొదటికొస్తారు" అన్నారు. మూడో వారమే మానేశాను. పోయిన ఊపిరి నడిస్తే తిరిగొస్తుందా?

నా లెక్క మా ఆవిడ రజియా ఫోనులో కనపడుతుంది.

"ఏందయ్యా, నూటపది అడుగులేనా?"

"ఎండగా ఉందే."

"పొద్దున ఆరింటికి ఎండేంది?"

అప్పుడు వెలిగింది నా బుర్ర. మా పాత ఫ్యాక్టరీలో పాలిష్ మిషన్ చెయ్యి రోజంతా బండ మీద ముందుకీ వెనక్కీ ఊగుతుంది. ఆటోలో వెళ్ళి, అక్కడ పనిచేసే ఉపేంద్రను బతిమాలి వాచీ దానికి కట్టించాను. నేను టీ కొట్టులో కూర్చున్నాను.

సాయంత్రానికి నలభై ఒక్క వేల అడుగులు! రజియా కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూసింది. తిట్టలేదు. నేను అప్పుడే భయపడాల్సింది.

మర్నాడు పొద్దున్నే అంది: "నీకు నయమైపోయింది గదా, మీ ఓనరు వెంకటకృష్ణ గారికి చెప్పా. ఇయ్యాల్టి నుంచి కోత మిషన్ కాడ నిలబెడతాడంట."

ఆ దుమ్ములో వారం నిలబడితే నేను మిగలను. ఓనరుకు నావల్ల కాదని చెబుదామని ఫోను అడిగితే ఛార్జింగ్ లేదంది. వెళ్ళి చెబుతా, ఆటో పిలువంటే, "నలభై వేల అడుగులోడికి ఆటో ఎందుకయ్యా?" అంది.

నడిచాను. ఆరుసార్లు ఆగాను. రెండుసార్లు పోతున్నాననే అనుకున్నాను. బయల్దేరేముందే నా చేతికి వాచీ తొడిగిన రజియా నీళ్ళ సీసాతో వెనకే వచ్చింది.

ఫ్యాక్టరీ గేటుకు తాళం. మంగళవారం సెలవు! ఇరవై ఏళ్ళు ఆ సెలవు కోసం ఎదురుచూసినవాణ్ణి, కంగారులో మర్చిపోయాను.

అక్కడే కూలబడ్డాను. "ఆయనకు నిజంగా చెప్పావా?"

"చెప్పలా. వాచీ మిషన్‌కు కట్టించావని ఉపేంద్రే నాకు చెప్పాడు."

వాచీలో రెండు వేలు. తిరిగి వెళ్ళడానికి ఇంకో రెండు వేలు. ఏడుపొచ్చింది, ఏడవడానికీ ఊపిరి చాల్లేదు.

"రోజూ ఇట్టాగేనా? నయం కాని రోగానికి ఎన్నాళ్ళు నడవాలే?"

రజియా పక్కన కూర్చుంది. "నయం కాదని నాకూ తెలుసు. నడిస్తే ఇంకొన్నేళ్ళు నాతో పోట్లాడతావంట. ఆ కొన్నేళ్ళూ మిషన్ చేతికిచ్చేస్తే నేనెవరితో పోట్లాడేది?"

లేచి ఇంటివైపు నడిచాను.