సంగమ్మ ఒక్కతే

భర్తల్లో తాగేవారుంటారు, పేకాడేవారుంటారు. ప్రవీణ పాలిట పడ్డవాడు కొలిచేవాడు. ఆమె పచ్చిపులుసులో "ఉల్లిగడ్డ ఉంటే, లేకుంటే" లాంటి షరతులు తొమ్మిది ఉన్నాయనీ, ఏడు దాటితే ఆ వంటకం నిర్వహణకు లొంగదనీ దేవరాజ్ రాతపూర్వకంగా తెలియజేశాడు. (తినడం మాత్రం మానలేదు.)

ఇంతటి ప్రజ్ఞను లోకం ఊరికే వదలదు. జహీరాబాద్‌లోని ఒక విత్తనాల సంఘం తన పాత కంప్యూటర్ ప్రోగ్రామును ఆధునికీకరించే పని అతనికే అప్పగించింది. ఇరవై ఏళ్ల కింద గుమాస్తా విరూపాక్ష రాసిన ప్రోగ్రామది. దేవరాజ్ దాన్ని చదవలేదు, కొలిచాడు. షరతుకొక చిక్కు మార్కు. పదిహేను దాటిన భాగం తీసేయాలని నియమం. ఒక భాగానికి ఎనభై ఏడు వచ్చాయి.

"గంత చిక్కు ఎందుకు పెట్టిన్రో విరూపాక్ష సార్‌ను జర అడగున్రి. వెనక గల్లీలనే ఉంటరు కదా," అంది ప్రవీణ.

"మనుషులను అడిగితే కొలత ఖరాబైతది."

ఆ భాగం పోయింది. తెరమీద సూచికలన్నీ పచ్చబడ్డాయి. సంఘం శాలువా కప్పింది.

తర్వాత వాన పడింది. ఝరాసంగం నుంచి ప్రవీణ అత్త సంగమ్మ కంది విత్తనాల కోసం షేర్ ఆటోలో వచ్చింది. సంగమ్మ నిన్ననే తీసుకుపోయిందని కంప్యూటర్ తేల్చింది. వెనక నిలబడ్డ ఇంకో సంగమ్మకూ అదే చెప్పింది. ఆ వెనకామెకూ అదే.

ఝరాసంగం వైపు సంగమేశ్వరుడి పేరు లేని ఇల్లు అరుదు. విరూపాక్ష చిక్కంతా అదే: సంగమ్మ అయితే మగడి పేరడుగు, మగడు సంగప్ప అయితే అత్త పేరడుగు, అత్తా సంగమ్మే అయితే చేను ఏ బావి పక్కనో అడుగు. (ఫోన్ నంబరు అడగొచ్చు కదా అంటారేమో. వాడంతటికీ ఒకటే నంబరు.)

మూడు రోజులు తిరిగింది సంగమ్మ. నేల పదును ఆరిపోతోంది.

"వారం మొత్తంల ఒక్కటే ఫిర్యాదు," అన్నాడు దేవరాజ్ అన్నం తింటూ, ఫోన్ చూపించి.

"ఎవరిది?" అంది ప్రవీణ.

"ఎవరో సంగమ్మ."

పక్కనే కూర్చున్న తల్లి చెయ్యి కడుక్కుంది. "లే కొడుకా," అని, అతన్ని సంఘం దగ్గరికి నడిపించుకుపోయింది. అక్కడ నలభై ఇద్దరు సంగమ్మలు ఖాళీ సంచులతో కూర్చుని ఉన్నారు. కొలవడానికి ఏమీ లేదు, లెక్కపెడితే సరిపోతుంది.

"నాదే తప్పు, అమ్మా," అన్నాడు దేవరాజ్, గట్టిగానే.

"నాకు ముట్టింది బిడ్డా," అంది తల్లి. "ఇంక నలభై రెండు సార్లు అను."