చక్రాలున్నవాళ్ల లైను

రెండో శనివారం పొద్దున జాన్సన్ ఇంట్లో పనులన్నీ అనుకున్నట్టే మొదలయ్యాయి. జాన్సన్ ఆటో కడిగాడు. అతని తల్లి ఆనందమ్మ సర్వపిండి కాల్చి డబ్బాలో పెట్టింది. ఎండ ముదరక ముందే కరీంనగర్‌లో బయలుదేరి, వేములవాడ తోవలో కొత్తగా పెట్టిన నీలిపిట్ట పార్కుకు పోవాలి. అక్కడ జెయింట్ వీల్ ఎక్కాలి. మధ్యాహ్నానికి ఇంటికి రావాలి. అంతకు మించి ఎవరూ ఏమీ అనుకోలేదు.

"గీసారి సంచులకాడ నేను కూసోను" అంది జాన్సన్ భార్య షారోన్, జడ వేసుకుంటూ.

"మరెవలు కూసుంటరు?"

"ఎవలన్న కూసోండ్రి. పెండ్లయిన కాడికెళ్లి చూస్తున్న. జాతరకు పోయినా, డ్యాం కాడికి పోయినా మీరందరు తిరిగొస్తరు. నేను చెప్పులకు కావలి. నేను గా చక్రం ఎక్కుత. పైకి పోయినంక కరీంనగర్ ఎట్ల కనవడ్తదో చూస్త."

"నేను కూసుంట తియ్యి బిడ్డా" అంది ఆనందమ్మ. "గా చక్రం దిక్కు చూస్తేనే నాకు కండ్లు తిరుగుతయ్. స్తోత్రం ప్రభువా!"

ఆ చివరి మాట ఆనందమ్మకు ఊపిరి లాంటిది. పాలు పొంగకపోయినా అంటుంది, పొంగి పొయ్యి ఆరిపోయినా అంటుంది.

షారోన్‌కు పదో తరగతిలోనే కీళ్లవాతం పట్టుకుంది. బయటికి ఏమీ కనిపించదు. మందు వేసుకుంటే నడుస్తుంది, మెట్లు కూడా ఎక్కుతుంది. ఒక్కచోట నిలబడితేనే చిక్కు. కాసేపటికే మోకాళ్లు బిగుసుకుపోతాయి. ఆపైన రెండు రోజులు మంచం దిగలేకపోతుంది. చర్చిలో అందరూ లేచి పాట పాడుతుంటే ఆమె కూర్చునే పాడుతుంది. కొత్తగా వచ్చినవాళ్లు పొగరనుకుంటారు. పాతవాళ్లు కూడా అప్పుడప్పుడు అనుకుంటారు.

పార్కులో జెయింట్ వీల్ ముందు రెండు లైన్లు ఉన్నాయి. ఒకటి ఎండలో పాములా మెలికలు తిరిగి ఐస్‌క్రీం బండి దాకా పోయింది. రెండోది ఖాళీ. దాని మొదట్లో నీలంరంగు బోర్డు, బోర్డు మీద చక్రాల కుర్చీలో కూర్చున్న మనిషి బొమ్మ ఉన్నాయి. బోర్డు కింద స్టూలు మీద మొండయ్య అనే కాపలా మనిషి కూర్చుని ఉన్నాడు.

షారోన్ తన వికలాంగుల కార్డు చూపించింది. మొండయ్య కార్డు చూశాడు. షారోన్ కాళ్లు చూశాడు. తర్వాత తల పైకెత్తి బోర్డు చూశాడు.

"బొమ్మల బండి ఉన్నది. నీకు బండేది?"

"బండి లేదు కాక. నేను నడుస్త. నిలబడలేను."

"నడిచేటోళ్లు నిలబడరా? గిదేం ముచ్చట?"

"డాక్టరు రాసిచ్చిండు, చూడు."

"నేను వేములవాడ జాతరల లైన్లు చూసిన మనిషిని బిడ్డా. లైను చూస్తే అందరికీ ఏదో ఒకటి నొస్తది. ఏది నిజమో నాకెట్ల ఎరుక? బొమ్మ ఎట్లుంటే మనిషి గట్లుండాలె. గంతే." మొండయ్య గొంతులో కోపం లేదు. జాన్సన్ ముఖం చూసి జాలిపడ్డాడు కూడా. "గేటు కాడ బండ్లు పెట్టిండ్రు. ఒకటి పట్టుకరా పో. బొమ్మకు సరిపోతది."

జాన్సన్ గేటు దాకా పోయి చక్రాల కుర్చీ తెచ్చాడు. దాని కుడి చక్రం కీచుమంటోంది. షారోన్ కుర్చీని చూసింది, ఖాళీ లైనును చూసింది, పైన తిరుగుతున్న చక్రాన్ని చూసింది. కొంగు దగ్గరికి లాక్కుని కూర్చుంది.

"గిప్పుడు పద్ధతిగున్నది" అన్నాడు మొండయ్య, గొలుసు తీస్తూ.

ఆ పద్ధతి ఇరవై అడుగులు సాగింది. అక్కడ ఇనుప మెట్లు వచ్చాయి. చక్రాల కుర్చీల కోసం లైను కట్టినవాళ్లు, ఆ లైను చివర మెట్లు కూడా కట్టారు.

"ఇగ దిగి ఎక్కాలె" అన్నాడు మొండయ్య వెనక నుంచి.

షారోన్ కుర్చీలోంచి లేచింది. రెయిలింగు పట్టుకుని చకచకా మెట్లెక్కింది. ఎక్కడం ఆమెకు కష్టం కాదు. మధ్యలో ఆగితేనే కష్టం, అందుకే ఆగలేదు.

సరిగ్గా అప్పుడే హనుమండ్లు అక్కడ ఫోను పట్టుకుని ఉన్నాడు. హనుమండ్లుకు ఒక యూట్యూబ్ వార్తల ఛానల్ ఉంది. దానికి విలేఖరి, కెమెరామన్, చదివేవాడు, రాసేవాడు అతనే. పార్కు గురించి నాలుగు మంచి మాటలు చెప్పమని యజమాని సంతోష్‌రావు ఆరోజు భోజనానికి పిలిచాడు. హనుమండ్లు చక్రాన్ని వీడియో తీస్తుంటే, చక్రంతో పాటు షారోన్ కూడా అందులో పడింది. కుర్చీలో రావడం, లేవడం, ఎక్కడం అన్నీ పడ్డాయి. చెట్టు కింద సంచుల దగ్గర కూర్చున్న ఆనందమ్మ, కోడలు కనిపించేసరికి అలవాటుగా కేకేసింది. అది కూడా పడింది.

"స్తోత్రం ప్రభువా!"

ఎండలో నిలబడ్డ లైను ఒక్కసారి కదిలింది.

"ఏయ్! గామె నడుస్తుంది గదా!"

"మేం గాడిదలమా ఎండల నిలవడనీకి?"

"దింపుండ్రి ఆమెను! గిట్లయితే మేం గూడ కుర్చీలు తెచ్చుకుంటం!"

షారోన్ అప్పటికే చక్రానికి వేలాడే తొట్టిలో కూర్చుంది. ముందు కడ్డీ పడింది. తొట్టి ఒక మూరెడు పైకి లేచింది కూడా. గోల పెరగడంతో మిషను నడిపే అతను భయపడి ఆపేశాడు. కడ్డీ తీసి, "అక్కా, జర దిగు. లొల్లి తగ్గినంక చూద్దాం" అన్నాడు. లొల్లి తగ్గలేదు. ముగ్గురూ సర్వపిండి డబ్బా మూత కూడా తీయకుండా ఇంటికి వచ్చారు.

సాయంత్రానికి హనుమండ్లు వీడియో ఊరంతా తిరిగింది. షారోన్ మోకాళ్ల చుట్టూ ఎర్రటి సున్న చుట్టి, దానికి ఒక బాణం గుర్తు పెట్టాడు. పైన పెద్ద అక్షరాలు: 'కుర్చీలో కుంటి, మెట్ల మీద జింక!' కింద జనం తిట్టిన తిట్లు జాన్సన్ కొంతదూరం చదివి ఫోను బోర్లా పెట్టాడు.

"ఏమన్నరు?" అని అడిగింది షారోన్.

"ఏమనలే. జింకంట."

"ఎక్కలేక ఎక్కలేక ఒక మూరెడు ఎక్కితి" అంది షారోన్. ఆమెకు తిట్ల కంటే ఆ మూరెడే ఎక్కువ గుర్తొస్తోంది.

ఆదివారం చర్చికి పోయేసరికి కథ ఇంకో దిక్కు తిరిగింది. సంఘం వాళ్ల ఫోన్లలోకి వీడియో వచ్చిన దారిలో ఎవరో పై అక్షరాలు కత్తిరించారు. ఇక మిగిలింది కుర్చీ, లేచి నడిచిన మనిషి, వెనక స్తోత్రం. ఆరాధన కాగానే ఆడవాళ్లు షారోన్ చుట్టూ మూగారు. ఒకామె ఏడ్చింది. ఇంకొకామె వంగి మోకాళ్లు ముట్టుకుని చూసింది.

పాస్టరు యెషయా ఆమెను పక్కకు పిలిచాడు. "అమ్మా, స్వస్థత అయిందని సాక్ష్యం చెప్తవా?"

"దేనికి అయ్యగారూ? నేను ముందటి నుంచి నడుస్తనే ఉన్న."

"అంటే, కుర్చీల నుంచి..."

"గా కుర్చీల నేను కూసున్నది ఇరవై అడుగులు. నా పెండ్లి చేసింది మీరే. నేను నడుసుకుంటనే వచ్చిన గదా?"

"గా దినం నేను పుస్తకం చూసి చదువుతున్ననమ్మా" అన్నాడు యెషయా.

ఆయన నిజాయితీ గల మనిషి. వెంటనే లోపలికి పోయి, మైకు పట్టుకుని గట్టిగా చెప్పాడు. "ఆ వీడియో గురించి విచారణ కాలేదు. దయచేసి ఎవరూ ఎవరికీ పంపకండి." అంతవరకు వీడియో రానివాళ్లు కూడా అప్పుడు పక్కవాళ్లను అడిగి తెప్పించుకున్నారు. పెద్దమనిషి అంత గట్టిగా వద్దన్నాడంటే లోపల ఏదో ఉన్నట్టే కదా.

రాత్రికి బోథ్ ఊరి నుంచి ఆనందమ్మ చెల్లెలు ఫోను చేసింది. "అక్కా, నాకెందుకు చెప్పలే? పరాయిదాన్నా? జీపు మాట్లాడినం. ఉట్నూర్ కాడ మా ఆడిబిడ్డను గూడ ఎక్కించుకుంటం. ఆమె నడుము సంగతి నీకెరుకే గదా."

"జరిగిందేం లేదే! గది ఉత్త చక్రం!"

"గా చక్రమే అక్కా. స్తోత్రం!"

అంతటితో ఆగినా బాగుండేది. హనుమండ్లు తన వీడియో తనకే వేరే రూపంలో తిరిగి రావడం చూశాడు. రెండో వీడియో చేశాడు. 'జెయింట్ వీల్ దగ్గర మహిమ?' అని పెట్టాడు. చివర ప్రశ్న గుర్తు పెడితే ఎవరూ కేసు పెట్టలేరని అతని నమ్మకం. మొదటి వీడియో తీసేయలేదు. ఒకటి నమ్మనివాళ్లు రెండోది నమ్ముతారు.

సోమవారం సంతోష్‌రావు ఫోను చేశాడు. ఆయనింకా మొదటి వీడియో దగ్గరే ఉన్నాడు. "మా పార్కు పేరు కరాబు చేసిండ్రు. బుధవారం వచ్చి కెమెరా ముందట తప్పయిందని చెప్పుండ్రి. లేకుంటే పోలీసులకు చెప్త."

"తప్పు నేనెందుకు చెప్త?" అంది షారోన్. "వస్త. వచ్చి చక్రమెక్కుత. గది మధ్యల ఆపింది వాళ్లే గదా."

బుధవారం పార్కు బయట ఆటో నిలపడానికి చోటు లేదు. జీపులు, ట్రాక్టర్లు, ఒక పెండ్లి బస్సు. గేటులో సంతోష్‌రావు స్వయంగా ఎదురొచ్చాడు. సోమవారం గొంతు ఇది కాదు.

"రాండ్రమ్మా, రాండ్రి. చాయ తాగుతరా? కూసోండ్రి."

"తప్పయిందని చెప్పాలంటిరి గదా" అన్నాడు జాన్సన్.

"గవన్నీ పాత ముచ్చట్లు తమ్మీ. ఎవలన్న అడిగితే మీరు అవుననొద్దు, కాదనొద్దు. నవ్వుండ్రి, చాలు."

"నాకు నవ్వుడు అక్కరలేదు సార్. చక్రం ఎక్కాలె" అంది షారోన్.

"ఎక్కమ్మా! నీకు లేనిదెవలికి?" అని సంతోష్‌రావు దారి చూపించాడు. ఆ దారి చూసి ముగ్గురూ ఆగిపోయారు.

నీలం బోర్డు కింది లైను ఐస్‌క్రీం బండి దాటి, కార్లు నిలిపే స్థలం దాటి, రోడ్డు మీదికి పోయింది. పార్కు కుర్చీలు పొద్దున్నే అయిపోయాయట. తర్వాత వచ్చినవాళ్లు చక్రం ఉన్నదల్లా తెచ్చుకున్నారు. ఒకాయన ఆఫీసు కుర్చీలో గుండ్రంగా తిరుగుతూ ముందుకు పోతున్నాడు. ఒక ముసలమ్మను కూరగాయల తోపుడు బండి మీద కూర్చోబెట్టారు. ఆనందమ్మ చెల్లెలు పెండ్లి సామాను తోసే ట్రాలీ మీద కాళ్లు చాపుకుని ఉంది. ఆమె వెనకే ఉట్నూర్ ఆడిబిడ్డ అదే ట్రాలీని పట్టుకుని, "ఇగ దిగు, గిప్పుడు నా వంతు" అంటోంది. కొందరు చెప్పులు విడిచారు. ఎవరో మెట్ల మొదట్లో కొబ్బరికాయ కొట్టారు.

మొండయ్య చెమటలు కారుతూ ఒక్కొక్కరినీ పరీక్ష చేస్తున్నాడు. మనుషులను కాదు, చక్రాలను.

"బొమ్మల రెండు చక్రాలే ఉన్నయి. నీ తోపుడు బండికి నాలుగున్నయ్. గట్లయితే ఎట్ల?"

"రెండెక్కువే ఉన్నయి గదా కాక!"

మొండయ్య చక్రాలు ఇంకోసారి లెక్కపెట్టి బండిని పోనిచ్చాడు.

షారోన్ ఆ లైను చివర ఎక్కడుందో చూసింది. తోక కనిపించలేదు. "గీ లైన్ల నిలవడితే నేను నిజంగనే కుర్చీల పడ్త" అంది.

"నువ్వు ముందట పో బిడ్డా, నీ పేరు మీదనే గదా గిదంతా" అంది ఆనందమ్మ.

"వీళ్లను దాటి పోవుడా? అత్తమ్మా, మొన్న నన్ను ఏమన్నరో గా మాటే నేను పడాల్నా?"

అప్పుడు జాన్సన్ రెండో వైపు చూశాడు. మామూలు లైనులో ఎవరూ లేరు. మొన్న అక్కడ ఎండలో నిలబడి అరిచినవాళ్లందరికీ ఏదో ఒక నొప్పి ఉందట. ఈరోజు అందరూ ఇటే వచ్చారు. మెలికలు తిరిగిన కడ్డీల మధ్య ఒక కుక్క పడుకుని ఉంది.

షారోన్ ఆ మెలికలన్నీ నడిచింది. ఎక్కడా ఆగాల్సిన పని పడలేదు. కుక్కను దాటింది, మెట్లెక్కింది, తొట్టిలో కూర్చుంది. కడ్డీ పడింది. ఈసారి ఎవరూ ఏమీ అనలేదు. నడిచొచ్చిన మనిషి వైపు చూసే తీరిక ఎవరికీ లేదు.

చక్రం లేచింది. పైకి పోయాక ఒక క్షణం ఆగింది. ఒక దిక్కున వరి పొలాలు, వేములవాడ రోడ్డు. ఇంకో దిక్కున మసకగా కరీంనగర్, దాని పక్కన ఎండకు తళతళమంటున్న మానేరు నీళ్లు. ఊరు ఆమె అనుకున్నదానికంటే చిన్నగా ఉంది. కింద చక్రాల మీద జనం ఇంకా చిన్నగా ఉన్నారు. షారోన్ గట్టిగా నవ్వింది. ఆ నవ్వు కింద సంచుల దగ్గర ఉన్న ఆనందమ్మకు వినిపించింది. ఆమె రెండు కళ్లూ మూసుకుని ఉంది.

దిగేసరికి హనుమండ్లు ఫోను పట్టుకుని ఎదురొచ్చాడు. "అక్కా, ఒక్క మాట. మహిమనా, మోసమా?"

"రెండూ గాదు తమ్మీ. నేను నడుస్త. నిలబడలేను. లైను అందుకే అడిగిన. గంతే."

"గంతేనా?"

"గంతే."

హనుమండ్లు ఆమె మీది నుంచి ఫోను తిప్పి, ఖాళీ లైనును తీశాడు, కుక్కను తీశాడు. రాత్రి మూడో వీడియో పెట్టాడు. 'వికలాంగుల లైను వదిలి మామూలు జనం లైనులో వెళ్లిన వికలాంగురాలు' అని దానికి పేరు.

అందులో ఒక్క మాట కూడా అబద్ధం కాదు. అందుకేనేమో, దాన్ని ఎవరూ చూడలేదు.